మాట అందించే మనిషి

“పెట్టనంటే పెట్టను నాన్నా. ఆ కాగితం నా ముందునుంచి తీసెయ్యండి.”

“ఎందుకు పెట్టవో చెప్పు.”

“చెప్పలేను.”

“చెప్పలేకపోవడం ఏమిటి? ‘నాకు భయంగా ఉంది నాన్నా’ అను. కాదంటే ‘ఇంకా చదువుకుంటాను’ అను. ఏదో ఒకటి అనవే!”

వర్ణిక తండ్రి మొహంలోకి ఒక్క క్షణం చూసింది.

“చూశారా? దానికీ మీరే మాట అందిస్తున్నారు.”

అని, సగం తిన్న ఇడ్లీ ప్లేటు అక్కడే వదిలేసి లోపలిగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కాగితం మాత్రం టీపాయి మీద, జానకిరామయ్య కళ్ళజోడు పెట్టె కింద, ఫ్యాను గాలికి రెపరెపలాడుతూ ఉండిపోయింది. మూడు రోజులుగా ఆ ఇంట్లో దానిదే పెత్తనం. మాదాపూర్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీ వర్ణికకు ఉద్యోగం ఇస్తున్నామని పంపిన ఉత్తరం అది. కాలేజీలో పరీక్షకు కూర్చున్న ఎనభైమందిలో ఆరుగురికి వచ్చింది. కింద ఒక్క సంతకం చేసి శుక్రవారం సాయంత్రం అయిదు లోపల ఇచ్చేస్తే ఉద్యోగం వర్ణికది. లేకపోతే ఏడో మనిషిది.

ఆ రోజు మంగళవారం.

నాగేశ్వరి వంటింటి గుమ్మంలో నిలబడి, మూసుకున్న తలుపువైపు చూసింది. ఆమె చదువు ఏడో తరగతి. భయంలో మాత్రం ఎం.ఏ. మొగుడు ఫోను ఎత్తకపోతే ప్రమాదం జరిగిందనుకుంటుంది. ఎత్తి నెమ్మదిగా మాట్లాడితే ఇంకా పెద్ద ప్రమాదం జరిగి, తనకు చెప్పడం లేదనుకుంటుంది. అలాంటి మనిషి ఇంట్లో, వచ్చిన ఉద్యోగం వద్దని కూతురు తలుపు వేసుకుంటే ఇంక చెప్పేదేముంది?

“గడియ పెట్టుకుందేమో చూడండి” అంది భర్తతో, గొంతు తగ్గించి.

“ఆ తలుపుకి గడియ ఊడిపోయి రెండేళ్ళయింది. నీ గుండెకే గడియ లేదు” అన్నాడు జానకిరామయ్య విసుగ్గా, చొక్కా తొడుక్కుంటూ.

ఫిల్మ్ నగర్‌లో జానకిరామయ్య అంటే తెలియని యూనిట్ లేదు. డైరెక్టరుగా కాదు. పరిశ్రమ మద్రాసునుంచి తరలివచ్చినప్పుడు మూటాముల్లె సర్దుకుని దాని వెంట వచ్చినవాళ్ళలో ఆయనొకడు. తెలుగు రాని హీరోయిన్లకు కెమెరా పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా అందించడం ఆయన పని. ప్రాంప్టింగ్ అంటారు. ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ కంట నీరు తిరగాలో ఆయన పెదవులు చూసి ఆ పిల్లలు చేసుకుపోతారు. తెర మీద మొహం ఒకరిది, గొంతు మరొకరిది. మధ్యలో జానకిరామయ్య అనే మనిషి ఉన్నాడని చూసేవాళ్ళకు తెలియదు. తెలియకపోవడమే ఆయన పనితనం.

పాతికేళ్ళు చేసిన పని ఇంటి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచిరాదు కదా! చుట్టాలొస్తే “బాగున్నారా అత్తయ్యా, అను” అని కూతురి వెనకనుంచి అందిస్తాడు. కూతురు టీచరుతో మాట్లాడుతుంటే టీచరు భుజం వెనక నిలబడి పెదవులు ఆడిస్తాడు. వర్ణిక చిన్నప్పటినుంచీ ఎవరికైనా జవాబు చెప్పేముందు ఒకసారి నాన్న వైపు చూస్తుంది. అది పిల్ల వినయం అని నాగేశ్వరి పదిమందికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా.

* * *

“ఏందమ్మా నాగేశ్వరీ, పొద్దుగాల్నే లొల్లి? గల్లీ అంత ఇంటున్నది.”

ఇంటి ఓనరు భూలక్ష్మమ్మ నీళ్ళ మోటారు వెయ్యడానికి మేడ మీదికి వచ్చి, గుమ్మంలో ఆగింది. రహమత్ నగర్‌లో ఆ రెండంతస్తుల ఇంటికి ఆమె ఓనరు. ఆ గల్లీ సంగతులన్నిటికీ కూడా ఆమే ఓనరు.

“ఏం చెప్పమంటారు భూలక్ష్మమ్మగారూ! సంతకం పెట్టనంటోంది. ఎందుకో చెప్పదు. కాలేజీలో ఎవరైనా ఏమన్నా అన్నారో, ఎవరినైనా మనసులో పెట్టుకుందో, ఏదన్నా గాలి సోకిందో…”

“గాలి లేదు గీలి లేదు. జర ఊకో. నా తమ్ముని బిడ్డ నిహారిక లేదా? ఇంటర్ అయినంక మూణ్ణెల్లు ఇంట్లకెళ్ళి బయటికి రాలే. డాక్టరు సదువుమని మావోడు, సదువనని అది. జూబ్లీహిల్స్‌ల అరుణజ్యోతి మేడమ్ అని ఉన్నది. కెరీర్ కౌన్సిలర్ అంటరు. ఏ పిల్లకు ఏ పని మంచిగుంటదో కూసోబెట్టి మాట్లాడి తీస్తది. గామె కాడికి నాలుగుసార్లు తోలుకపోయినం. ఇప్పుడు చూడు, పెండ్లిళ్ళకు ఫోటోలు తీస్తది. షాదీ సీజన్ల అయితే అన్నం తిన తీరిక లేదు దానికి.”

“కౌన్సిలింగంటే ఇంజనీరింగు సీట్లు ఇచ్చేది కదండీ?”

“గది వేరే. ఇది వేరే. మనిషి లోపల ఏమున్నదో సూస్తది.”

ఎవరైనా విన్నారేమోనని నాగేశ్వరి చప్పున మెట్లవైపు తొంగి చూసింది.

“అంటే… ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి డాక్టర్ల మాదిరా? అమ్మో, వద్దండీ! రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరైనా ‘ఆ పిల్లని ఎవరికో చూపించారటగా’ అంటే? మెట్లెక్కుతుంటే ఎవరన్నా చూస్తే?”

“ఎవడు జూస్తడు? చూసినోడు గూడ తన బిడ్డను తోలుకొనే వచ్చుంటడు గదా గాడికి!”

ఈ మాటకు జానకిరామయ్యకు నవ్వు వచ్చింది. కానీ నవ్వలేదు. ఆలోచించాడు. చెప్పు సగం తొడుక్కుని ఆగిపోయి మరీ ఆలోచించాడు.

“నాగేశ్వరీ, అంత కంగారెందుకు? మనం చెబితే వినదు. బయటి మనిషి, అందులోనూ జూబ్లీహిల్స్‌లో ఆఫీసున్న మనిషి చెబితే వింటుంది. పెద్ద ఆర్టిస్టు మొండికేస్తే డైరెక్టరు చేత చెప్పించం, కెమెరామన్ చేత చెప్పిస్తాం. ఇదీ అంతే. మొదటిసారి ఊరికే చూస్తారా భూలక్ష్మమ్మగారూ?”

“ఊరికెనే. రెండోసారికెళ్ళి ఫీజు.”

“మనకి రెండోసారి అక్కర్లేదు. ఒక్క సిట్టింగు చాలు. సంతకం పెట్టమని ఆవిడ చేత ఒక్కమాట అనిపిస్తే పనైపోతుంది.”

నాగేశ్వరికి అదీ భయమే వేసింది. మొగుడు అంత తేలిగ్గా ఒప్పుకున్న పని ఏదీ ఇంతవరకూ తేలిగ్గా తేలలేదు.

* * *

ఆ సాయంత్రం భూలక్ష్మమ్మను తోడు తీసుకుని అరుణజ్యోతి ఆఫీసుదాకా వెళ్ళి, తను మెట్ల కిందే ఆగి, ఆమెను పైకి పంపి నాగేశ్వరి తెప్పించిన ఫారం నాలుగు పేజీలు ఉంది. పైన పెద్ద అక్షరాలతో ‘అభ్యర్థి స్వయంగా నింపవలెను’ అని అచ్చువేసి ఉంది. ఆ ముక్క ఆమె కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. మొగుడికి వినపడేలా మూడోసారి చదివింది.

“స్వయంగానే. అది చెప్తుంది, నేను రాస్తాను. దాని చేతిరాత కోడి కెలికినట్టుంటుంది, మన పరువు పోదూ?” అన్నాడు జానకిరామయ్య పెన్ను తీసి.

వర్ణిక ఎదురుగా కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది.

“తీరికవేళ ఏం చేయడం ఇష్టం? ఊఁ… ‘నలుగురినీ కూర్చోబెట్టి కథ చెప్పడం ఇష్టం.’ బాగుందా?”

“మీ ఇష్టం.”

“ఒంటరిగా పనిచేస్తావా, పదిమందితోనా? ‘వందమందిని ఒక్క మాట మీద నడిపించగలను.’ కంపెనీలకి ఇలాంటివే కావాలి. పదేళ్ళ తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావు? ‘నా పని మీద నా పేరు అందరికీ కనిపించాలి.’”

రాసేకొద్దీ ఆయన మొహం వెలిగింది. పెన్ను ఎక్కడా ఆగలేదు. నాలుగు పేజీలూ అరగంటలో అయిపోయాయి. చివర సంతకం దగ్గర మాత్రం పెన్ను కూతురికి ఇచ్చాడు. దీనికి వర్ణిక కిమ్మనకుండా సంతకం చేసింది. పెట్టాల్సిన కాగితం మీద పెట్టని పిల్ల, దీనిమీద ఎందుకు పెట్టిందో నాగేశ్వరికి అర్థం కాలేదు. అర్థం కానిదేదైనా ఉంటే ఆమెకు అన్నం సహించదు. రాత్రి మజ్జిగతో సరిపెట్టుకుంది.

* * *

బుధవారం ముగ్గురూ అరుణజ్యోతి ఆఫీసుకి వెళ్ళారు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. చాలాకాలం కాలేజీలో పాఠాలు చెప్పి, మానేసి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటాక పల్లంలో ఒక మేడ మీద ఈ ఆఫీసు పెట్టుకుంది. నేత చీర, వదులు ముడి. నాగేశ్వరి ఊహించుకున్న తెల్లకోటు గానీ, పొడుగు మంచం గానీ అక్కడ లేవు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, కిటికీలో మనీప్లాంటు. ఆ మాత్రానికే నాగేశ్వరికి సగం ప్రాణం తిరిగొచ్చింది.

కూర్చోమనగానే జానకిరామయ్య తన కుర్చీని కూతురి పక్కన వేసుకోలేదు. ఎత్తి తీసుకెళ్ళి బల్లకు అవతల, అరుణజ్యోతి కుర్చీకి ఒక జానెడు వెనగ్గా వేసుకున్నాడు. పాతికేళ్ళుగా ఆయన కూర్చునే చోటు అదే. చూసే కన్నుకి పక్కన, మాట్లాడే మొహానికి ఎదురుగా.

“నీకు కథలు చెప్పడం ఇష్టమా వర్ణికా?” అంది అరుణజ్యోతి ఫారం తిప్పుతూ.

వర్ణిక కళ్ళు ఆమె భుజం మీదుగా వెనక్కి వెళ్ళి, తిరిగి వచ్చాయి.

“ఇష్టమే మేడమ్. నలుగురికీ నచ్చేలా చెప్పడం ఇంకా ఇష్టం.”

“ఈ మధ్య ఎవరికి చెప్పావు?”

కళ్ళు మళ్ళీ వెళ్ళొచ్చాయి. “మా ఫ్రెండ్స్‌కి.”

“ఏం కథ?”

ఈసారి కళ్ళు వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. అరుణజ్యోతి మెల్లగా తల తిప్పి చూసింది. జానకిరామయ్య పెదవులు ‘పరోపకారం గురించి’ అనే మాట మధ్యలో ఆగిపోయాయి.

నాగేశ్వరికి భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. కానీ అరుణజ్యోతి కోప్పడలేదు. పెన్ను పక్కన పెట్టింది.

“జానకిరామయ్యగారూ, మీరు సినిమాల్లో పనిచేస్తారు కదూ?”

“పాతికేళ్ళనుంచీ.”

“డైరెక్టరు కావాలని ఉండేదా?”

ఎవరికి ఏ మాట కావాలన్నా క్షణంలో అందించే మనిషి, గొంతు సవరించుకున్నాడు.

“ఆ సంగతి ఇప్పుడెందుకండీ? పిల్ల సంగతి చూడండి.”

“పిల్ల సంగతే చూస్తున్నాను. ఈ ఫారం నమ్మి సలహా ఇవ్వాలంటే, ఈ అమ్మాయి సాఫ్ట్‌వేర్ వైపు పోకూడదు. కథ చెప్పాలి. వందమందిని నడిపించాలి. తన పని మీద తన పేరు కనపడాలి. ఇది సినిమా డైరెక్టరు కావలసిన మనిషి రాసిన ఫారం. నిజమేనా వర్ణికా?”

వర్ణిక నవ్వింది. నాలుగు రోజుల్లో మొదటిసారి.

“అది నాన్న, మేడమ్.”

అరుణజ్యోతి ఫారం మూసి పక్కన పెట్టింది.

నాగేశ్వరి మొగుడి వైపు చూసింది. ఇరవైరెండేళ్ళ కాపురంలో ఆయనకు ఏ కూరలో ఎంత ఉప్పు కావాలో తెలుసు. ఏ చొక్కా ఏ చంక దగ్గర పట్టేస్తుందో తెలుసు. ఇది తెలియదు. ఈ ఒక్క సంగతి నాలుగు పేజీల ఫారం మీద, అదీ కూతురి పేరుతో బయటపడాల్సి వచ్చింది.

“నేను చేయగలిగింది చెప్తాను” అంది అరుణజ్యోతి. “నాలుగు సిట్టింగులు. అమ్మాయి ఒక్కతే రావాలి. ఏ ఉద్యోగం చెయ్యాలో నేను చెప్పను. తన మాట తను చెప్పుకునేదాకా ఓపిగ్గా కూర్చుంటాను, అంతే. అక్కర్లేదనుకున్నా తప్పులేదు. కావాలనుకుంటే, ఆ శుక్రవారం గడువుందన్నారు కాబట్టి, ఆ రోజు పొద్దున తొమ్మిదికి ఖాళీ పెడతాను. ఇంట్లో మాట్లాడుకోండి.”

* * *

ఇంట్లో మాట్లాడుకోలేదు. జానకిరామయ్య ఒక్కడే మాట్లాడాడు.

“అక్కర్లేదు! మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి బట్టలూడదీస్తుందా? ఏమడిగాం, ఏం చెప్పింది? సంతకం పెట్టమ్మా అని ఒక్క ముక్క అనడానికి నోరు రాలేదు. నాలుగు సిట్టింగులట! ఊరికే కూర్చోవడానికి ఫీజట!”

“నిన్న మీరే కదండీ వెళ్దామన్నారు.”

“నిన్న నువ్వే కదా వద్దన్నావు!”

“నిన్న నాకు తెలీదు.”

“ఇవాళ ఏం తెలిసిందేమిటి?”

నాగేశ్వరి పమిటచెంగు వేలికి చుట్టుకుంటూ అంది, “పిల్ల నోరు విప్పితే మీ మాటే వస్తోందని.”

జానకిరామయ్య తెల్లబోయి చూశాడు. “ఎప్పుడూ భయపడుతూ ఉండేదానివి, నీకెప్పుడొచ్చిందే ఇంత నోరు?”

“భయంతోనే మాట్లాడుతున్నానండీ.”

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆమె ఇంకో అడుగు ముందుకేసింది.

“డైరెక్టరు కావాలని ఉండేదా మీకు?”

“రేపు ఆరింటికి షూటింగు. అన్నం పెట్టు.”

అన్నం పెట్టింది. ఆయన కలుపుకున్నాడు, తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. పప్పులో ఉప్పు లేని సంగతి కూడా అనలేదు. ఉప్పు వెయ్యడం తనే మర్చిపోయానని నాగేశ్వరికి తర్వాత తను తిన్నప్పుడు తెలిసింది.

* * *

గురువారం జానకిరామయ్య లేని ఇంట్లో నాగేశ్వరి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. వర్ణిక వచ్చి ఎదురుగా కూలబడి, అడక్కుండానే ఒక గుప్పెడు కాయలు తన ముందుకు లాక్కుంది.

నాగేశ్వరికి నాలికచివర పది ప్రశ్నలు ఉన్నాయి. పళ్ళబిగువున ఆపుకుంది.

పదిహేను కాయలు అయ్యాక వర్ణిక అంది, “ఇంటర్వ్యూకి ముందు పదిరోజులు నాన్న నాతో రిహార్సల్ చేయించారు, గుర్తుందా?”

“అద్దం ముందు నిలబెట్టి. గుర్తులేకేం?”

“ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆగాలో అన్నీ నేర్పారు. నీలో లోపం ఏమిటని అడుగుతారు, అప్పుడు ఒక్క క్షణం కిందికి చూసి, ‘పని పూర్తయ్యేదాకా నిద్రపట్టదండీ, అదే లోపం’ అనమన్నారు. అన్నాను. బల్ల అవతల ముగ్గురూ నవ్వారు. వెంటనే తీసుకున్నారు.”

“మంచిదే కదమ్మా!”

“ఏం మంచిదే అమ్మా! వాళ్ళు తీసుకున్నది నన్ను కాదు. నాన్నని. రేపు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నాన్న నేర్పనిది ఏదో అడుగుతారు. అప్పుడు? నాన్న ఒకరోజు జ్వరమొచ్చి షూటింగుకి వెళ్ళకపోతే ఆ హీరోయిన్లు ఎలా ఉంటారో నువ్వు చూళ్ళేదు. నేను చూశాను. అంత మేకప్పూ వేసుకుని, లైట్ల కింద, నోరు తెరిచి నిలబడతారు. అంతే. నేను అలా నిలబడలేను.”

నాగేశ్వరి చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. ఆమె భయాల జాబితా చాలా పెద్దది. ప్రేమ, అప్రతిష్ఠ, గాలి, జబ్బు. అందులో ఇది లేదు. ఇన్నాళ్ళూ లేనిపోనివన్నీ తలుచుకుని భయపడింది గానీ, కూతురి పక్కనే కూర్చుని ఉన్న భయాన్ని మాత్రం చూళ్ళేదు.

“ఇంటర్వ్యూకి ముందు రాతపరీక్ష ఉందన్నావు?”

“ఉంది. రెండు గంటలు.”

“ఎనభైమందీ రాశారా? ఎంతమందిని ఉంచారు?”

“పంతొమ్మిది.”

“అప్పుడు మీ నాన్న ఎక్కడున్నారు?”

“శంకర్‌పల్లి వైపు అవుట్‌డోర్‌లో.”

“మరి ఆ లెక్కలు ఎవరందించారే నీకు? నా మొహాన ఏడో తరగతి, నేనైతే అందించలేదు.”

వర్ణిక మొహంలో ఏదో కదిలింది. కదిలి, మళ్ళీ సర్దుకుంది.

“బాగా చెప్పావమ్మా. నిజంగా బాగుంది. కానీ చూడు, నువ్వూ చెప్పేస్తున్నావు. ఇప్పుడు నేను సంతకం పెడితే నీ మాట మీద పెట్టినట్టు.”

నాగేశ్వరికి తను తీసిన గోతిలో తనే పడ్డట్టయింది. మొగుణ్ణి అన్న మాట తనకే వచ్చి తగిలింది. చేతులు కొంగుకి తుడుచుకుని లేచి, మొగుడు కొనిచ్చిన సెల్‌ఫోను తీసింది. దాన్లో ఆమె ఎవరికైనా ఫోను చెయ్యడం తక్కువ. చచ్చారో బతికారో కనుక్కోవడానికి తప్ప.

“మేడమ్, నేను నాగేశ్వరినండీ. వర్ణిక వాళ్ళమ్మని. రేపు తొమ్మిదికి వస్తున్నాం. నాలుగు సిట్టింగులూ వస్తాం.”

“వాళ్ళ నాన్నగారు ఒప్పుకున్నారా?” అంది అవతలనుంచి అరుణజ్యోతి.

“నేను ఒప్పుకున్నానండీ” అంది నాగేశ్వరి. అని, తన గొంతు తనదేనా అని ఒక్కసారి చెవి తడుముకుంది.

సాయంత్రం జానకిరామయ్య రాగానే చెప్పేసింది. నానబెడితే భయం పెరుగుతుందని ఆమెకు తెలుసు. ఆయన ఔననలేదు, కాదనలేదు. “శుక్రవారం అయిదింటిదాకా” అని మాత్రం అన్నాడు, ఎవరికో గుర్తు చేస్తున్నట్టు. “ఆ కాగితం ఇక్కడే ఉండనివ్వండి” అంది వర్ణిక. “తేలాక నేనే వచ్చి తీసుకుంటాను.”

* * *

శుక్రవారం కృష్ణానగర్ మీదుగా ఆటో వెళ్తుంటే, జూనియర్ ఆర్టిస్టులు వ్యాన్ల కోసం రోడ్డు పక్కన గుంపులుగా నిలబడి ఉన్నారు. ఆటో కుదుపుకి వర్ణిక చెయ్యి తల్లి చేతిమీద పడింది. తీసుకోలేదు.

ఆఫీసు మెట్లెక్కేటప్పుడు నాగేశ్వరి అటూ ఇటూ చూడలేదు. ఎవరన్నా చూస్తే చూడనీ.

అరుణజ్యోతి తలుపు తీసింది. నాగేశ్వరి కూతురి వెనకే లోపలికి కాలు పెట్టబోయింది.

“అమ్మా” అంది వర్ణిక. “నువ్వు కూడా బయటే.”

ఒక్క క్షణం నాగేశ్వరి గుండె చివుక్కుమంది. మొగుణ్ణి బయట పెట్టించానని సంబరపడిందే గానీ, ఆ గుమ్మానికి బయట తనకూ ఒక కుర్చీ వేసి ఉందని అనుకోలేదు. ఆ తర్వాత, “సరేనమ్మా” అంది. ఒక అడుగు వెనక్కి వేసింది.

తలుపు మూసుకుంది.

నాగేశ్వరి కూర్చుంది. లోపలినుంచి మాటలు వినపడుతున్నాయి గానీ ఏమిటో తెలియడం లేదు. చెవి ఒగ్గితే తెలిసేదేమో. ఆమె లేచి కుర్చీని ఇంకాస్త దూరం జరుపుకుని కూర్చుంది. పది గంటలయింది. పదింబావు అయింది. లోపల ఒక గొంతే ఎక్కువగా వినిపిస్తోంది. అది వర్ణికది. ఆ పిల్ల అంతసేపు ఆపకుండా మాట్లాడడం నాగేశ్వరి ఎరగదు.

పదిన్నర దాటాక మెట్ల మీద అడుగుల చప్పుడయింది. జానకిరామయ్య. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

“షూటింగు లేదూ?”

“ఆలస్యంగా వస్తానని చెప్పాను. లోపలుందా?”

“ఉంది. మీరు వెళ్ళకూడదు.”

“వెళ్ళను.”

అని, మాట మీద నిలబడి, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. నాగేశ్వరికి కళ్ళు చెమర్చాయి. పని మానుకుని వచ్చాడు. వచ్చి, చెప్పగానే కూర్చున్నాడు. మనిషి మారడానికి ఒక్కోసారి ఒక్క మూసిన తలుపు చాలునేమో.

“ఇంకా మూడు సిట్టింగులుంటాయండీ” అంది మెత్తగా. “నెమ్మదిగా అన్నీ సర్దుకుంటాయి.”

“ఇంక అక్కర్లేదులే.”

“ఏం?”

“మాదాపూర్ వెళ్ళి ఇచ్చేసి వచ్చాను.”

“ఏమిటి ఇచ్చేసి వచ్చారు?”

ఆయన జేబులోంచి మడత పెట్టిన చిన్న కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. కంపెనీ వాళ్ళ రశీదు. మీద గుండ్రటి ముద్ర, తారీఖు. పేరు దగ్గర ‘వర్ణిక’ అని ఉంది.

“సంతకం?” నాగేశ్వరి రశీదును అటూ ఇటూ తిప్పి చూసింది. “సంతకం ఎవరు చేశారండీ?”

“దాని సంతకం నాకు రాదా? చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.” ఆయన నేలకేసి చూస్తూ అన్నాడు. “చేజారిపోతే తర్వాత ఏడుస్తుంది నాగేశ్వరీ. చేజారడం ఎలా ఉంటుందో దానికి తెలీదు. నాకు తెలుసు.”

ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. అన్న రోజు ఇదా?

తిట్టాలనిపించింది. ఆయన చెయ్యి పట్టుకోవాలనీ అనిపించింది. రెంటిలో ఏదీ చెయ్యకముందే లోపల వర్ణిక గట్టిగా నవ్వింది. కుర్చీ జరిగిన చప్పుడయింది. తలుపు తెరుచుకుంది.

వర్ణిక గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఏడ్చినట్టు ఎర్రగా ఉన్నాయి. మొహం మాత్రం తలంటు పోసుకున్నట్టు తేటగా ఉంది.

“అమ్మా, తేలిపోయింది” అని, అప్పుడు తండ్రిని చూసింది. “నాన్నా! మీరూ వచ్చారా? మంచిదైంది. అసలు మీకే ముందు చెప్పాలనుకున్నాను.”

జానకిరామయ్య లేచాడు. “అమ్మా, నేనొక సంగతి…”

“మీరు కూర్చోండి” అంది నాగేశ్వరి.

రశీదు ఉన్న గుప్పిటను కొంగు కిందికి తీసుకుని, కూతురి వైపు తిరిగి, చలించకుండా అంది.

“ముందు నువ్వు చెప్పమ్మా. నువ్వు మొత్తం చెప్పేదాకా ఇక్కడ ఎవరూ నోరు విప్పరు. ఆ తర్వాత, మీ నాన్న చెప్పాల్సింది ఒకటుంది.”